మెడిక్ ట్రైనింగ్ డాక్టర్ చదువుకి దగ్గరదారి కాదు

టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో మేం ఉండే వైపు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఈమధ్య ఒకాయన ఒక ప్రశ్న పెట్టారు. వాళ్లబ్బాయిది హైస్కూల్ ఆఖరి సంవత్సరం. డాక్టర్ అవ్వాలని ఉందట, కానీ అన్నేళ్ల చదువు, అంత అప్పు అంటే ఇంటిల్లిపాదికీ టెన్షన్‌గా ఉందట. "ఆర్మీలో మెడిక్‌గా చేరితే వాళ్లే ఫ్రీగా డాక్టర్ చదివిస్తారని విన్నాం, నిజమేనా అండీ?" అని అడిగారు. జవాబులు వరసపెట్టి వచ్చాయి. కొందరు భలే ఆలోచన అన్నారు. కొందరు కన్నకొడుకుని యుద్ధానికి పంపుతారా అని కోప్పడ్డారు. ఆ రెండు రకాల జవాబులూ చదివాక నాకు ఊరుకోబుద్ధి కాలేదు. అక్కడ రెండు ముక్కల్లో తేలే విషయం కాదని ఇక్కడ రాస్తున్నాను.

నేను ఇక్కడ ఎమర్జెన్సీలో నర్సుని. మా అక్క కొడుకు డాలస్ దగ్గర పుట్టి పెరిగాడు. అమెరికన్ ఆర్మీలో చేరి, మా ఊళ్లోనే ఉన్న ఫోర్ట్ శామ్ హ్యూస్టన్ అనే సైనిక స్థావరంలో మెడిక్ ట్రైనింగ్ పూర్తి చేశాడు. మెడిక్ అంటే గాయపడ్డ సైనికులకి అక్కడికక్కడే చికిత్స చేసే సైనికుడు. ఆర్మీ మెడిక్‌లు ప్రధానంగా తయారయ్యేది అక్కడే. బయటికి వెళ్లడానికి అనుమతి దొరికిన ఆదివారాల్లో మా ఇంటికి వచ్చేవాడు. తినేవాడు, నిద్రపోయేవాడు, లేచి పుస్తకం తెరిచేవాడు. నేను రాసేవాటిలో వాడు చెప్పినవి కొన్ని, నాతో పనిచేసే మాజీ మెడిక్‌ల దగ్గర విన్నవి కొన్ని, నా వృత్తి వల్ల తెలిసినవి కొన్ని. వీటన్నిటి మీదా నాకు ఏర్పడ్డ అభిప్రాయం ఇది: మెడిక్ అనేది దానంతటదే ఒక పూర్తి ఉద్యోగం. ఆ ఉద్యోగమే కావాలనుకునే పిల్లలకి అది చాలా మంచి చోటు. డాక్టర్ చదువుకి మెట్టుగా మాత్రమే చూసే పిల్లలకి అక్కడ ప్రతి రోజూ బరువుగానే గడుస్తుంది.

ఆ "ఫ్రీ డాక్టర్" సంగతి

మన గ్రూపులో జనం మూడు వేర్వేరు సంగతుల్ని కలిపేశారు. మెరీలాండ్‌లోని బెథెస్డాలో సైన్యానికి సొంత మెడికల్ కాలేజీ ఉంది. అక్కడ ఫీజు ఉండదు, చదువుతున్నప్పుడే ఆఫీసర్ జీతం ఇస్తారు, బదులుగా చదువయ్యాక ఏడేళ్లు సైన్యంలో పనిచేయాలి. మామూలు మెడికల్ కాలేజీలో సీటు వచ్చినవాళ్లకి సైన్యం ఫీజు కట్టే స్కాలర్‌షిప్ ఇంకొకటి ఉంది. ఈ రెండూ డిగ్రీ పూర్తి చేసి, ఎంక్యాట్ అనే మెడికల్ ప్రవేశ పరీక్ష రాసి, సీటు తెచ్చుకున్నవాళ్లకి. మెడిక్‌గా చేరడం మూడోది. అది సిపాయి ఉద్యోగం, హైస్కూల్ అవగానే చేరొచ్చు. దాని కోడ్ 68డబ్ల్యూ. సైనికులు 68 విస్కీ అంటారు. మొదటి రెండిటికీ ఈ మూడోదానికీ మధ్య నేరుగా వేసిన దారేమీ లేదు.

అలాగని అన్నీ మూసుకుపోయినట్టూ కాదు. సిపాయిల్లోంచి కొద్దిమందిని ఎంచి మెడికల్ కాలేజీకి సిద్ధం చేసే రెండేళ్ల కార్యక్రమం ఒకటి ఉంది. అందులో చోటు దొరకడమే గగనం, పైగా దానికి అప్పటికే డిగ్రీ ఉండాలి. అంతకంటే అందుబాటులో ఉన్నది ఫిజీషియన్ అసిస్టెంట్ చదువు, అంటే డాక్టర్‌తో కలిసి రోగుల్ని చూసే ఉద్యోగానికి. సైన్యమే 29 నెలలు జీతమిచ్చి చదివించి ఆఫీసర్‌ని చేస్తుంది, కానీ దానికీ కాలేజీ క్రెడిట్లు ముందే సంపాదించుకోవాలి. ఇక మూడేళ్లు పూర్తిగా సర్వీసు చేసినవాళ్లకి మాజీ సైనికుల చదువుకి సాయం చేసే జీఐ బిల్ అనే చట్టం కింద 36 నెలల కాలేజీ చదువు దొరుకుతుంది. ఇవన్నీ నిజమైన అవకాశాలే. అన్నీ ఆ ఉద్యోగం బాగా చేసిన తరువాత వచ్చేవి. రిక్రూటర్ వీటి గురించి చెప్పినప్పుడు అబద్ధం చెప్పడు. మధ్యలో గడవాల్సిన ఏళ్ల గురించి మాట్లాడడు, అంతే.

ఆ ఏళ్ల లెక్క కూడా చూడాలి. సంతకం పెట్టిన ఒప్పందం మూడేళ్లదో నాలుగేళ్లదో అయినా మొత్తం బాధ్యత ఎనిమిదేళ్లు. చురుకైన సర్వీసు అయిపోయాక మిగిలిన ఏళ్లు పేరు రిజర్వు జాబితాలో ఉంటుంది, అవసరమైతే పిలవొచ్చు. ఈ సంగతి మా అక్కకి కొడుకు బేసిక్ ట్రైనింగ్‌కి వెళ్లిపోయాక తెలిసింది.

ఇంకో మాట. హెచ్4 మీద, అంటే తల్లిదండ్రుల హెచ్1 ఉద్యోగ వీసా మీద ఆధారపడి ఉన్న పిల్లలు దీనికి అసలు పనికిరారు. పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండాలి. 21 నిండితే వీసా ఏమవుతుందోనన్న దిగులులో ఉన్న తల్లిదండ్రులు ఆర్మీ ఒక దారేమోనని నన్ను అడుగుతుంటారు, అందుకే స్పష్టంగా రాస్తున్నాను.

అందరూ రక్తం గురించి అడుగుతారు

మావాడు చేరతానన్నప్పుడు చుట్టాలందరూ అడిగింది ఒకటే: "రక్తం చూస్తే కళ్లు తిరగవా?" నేను ఎమర్జెన్సీలో ఎంతోమంది కొత్తవాళ్లని చూశాను. రక్తానికి మనిషి తొందరగానే అలవాటు పడతాడు. అక్కడ పిల్లల్ని వెనక్కి పంపేది రక్తం కాదు, చదువు.

వరస ఇలా ఉంటుంది. చేరకముందు ఆస్వాబ్ అనే పరీక్ష రాస్తారు. మెడిక్‌కి అందులో జనరల్ టెక్నికల్ అనే స్కోరు 107, స్కిల్డ్ టెక్నికల్ అనే స్కోరు 101 రావాలి. పదాతిదళానికి అడిగేదానికంటే ఇది ఎక్కువ. తరువాత పది వారాల బేసిక్ ట్రైనింగ్ అందరితో పాటే: పరుగు, తుపాకీ, బరువు మోసుకుని నడక, డ్రిల్ సార్జెంట్ కేకలు. అందులో వైద్యం దాదాపు ఏమీ ఉండదు. ఆ తరువాత 16 వారాలు ఫోర్ట్ శామ్ హ్యూస్టన్‌లో.

ఆ 16 వారాల్లో మొదటి భాగం ఈఎంటీ కోర్సు, అంటే ఊళ్లో అంబులెన్స్ మీద పనిచేసేవాళ్లు చదివేదే. కమ్యూనిటీ కాలేజీలో ఒక సెమిస్టర్ సాగే పాఠాన్ని ఇక్కడ కొద్ది వారాల్లోకి కుక్కుతారు. తెల్లవారకముందే లేచి వ్యాయామం, తరువాత సాయంత్రం దాకా క్లాసు, రాత్రి బ్యారక్ శుభ్రం, కాపలా డ్యూటీ, వీటి మధ్యలో చదువు. చివర్లో దేశమంతటికీ ఒకటే అయిన నేషనల్ రిజిస్ట్రీ పరీక్ష. అది కంప్యూటర్ మీద, మన జవాబుల్ని బట్టి మారిపోయే పరీక్ష. సరైన జవాబు ఇస్తే తరువాతి ప్రశ్న ఇంకా కఠినంగా వస్తుంది, 70 నుంచి 120 ప్రశ్నల మధ్య ఎక్కడో ఒకచోట తెర ఆగిపోతుంది. పాసయ్యామో లేదో ఆ క్షణాన తెలీదు. మన ఎంసెట్ అలవాటున్నవాళ్లకి, అంటే ఇన్ని ప్రశ్నలు చేశాను ఇన్ని వస్తాయి అని లెక్క వేసుకునేవాళ్లకి, ఈ పద్ధతి మనసుని బాగా కుదుపుతుంది.

మావాడి గదిలో ఒక కుర్రాడు ఉండేవాడు. బేసిక్‌లో అందరికంటే ముందు పరిగెత్తినవాడు, దేనికీ బెదరనివాడు. ఆ పరీక్ష పాసవలేకపోయాడు. మళ్లీ రాసే అవకాశం ఇచ్చారు, వెనక బ్యాచ్‌కి పంపారు, చివరికి వేరే ఉద్యోగంలోకి మార్చారు. ఏ ఉద్యోగం అనేది అప్పుడు ఆర్మీ అవసరాన్ని బట్టి ఉంటుంది, కుర్రాడి ఇష్టాన్ని బట్టి కాదు. ఇది ముందే తెలిసి వెళ్లాలి. "మెడిక్ అవుతానని చేరాను" అన్నమాట పరీక్ష పాసయ్యేదాకానే చెల్లుతుంది.

మన పిల్లలకి చదువు విషయంలో కొంత అలవాటు ఉంటుంది గనక ఇది కలిసొస్తుందని కొందరు అంటారు. సగం నిజం. కూర్చుని చదవడం వచ్చినవాళ్లు నిద్ర చాలకుండా చదవగలరా అన్నది వేరే సంగతి. మావాడు ప్రీ-మెడ్, అంటే మెడికల్ కాలేజీకి ముందు చదివే డిగ్రీ, ఏడాది చదివి వదిలేసిన పిల్లాడు. శరీరశాస్త్రం వాడికి కొత్త కాదు. అయినా మా సోఫాలో కూర్చుని ఒకే పేజీ మళ్లీమళ్లీ చదివి, "బుర్రలోకి ఎక్కట్లేదు పిన్నీ" అనేవాడు.

మొదటి పాఠం తుపాకీది

పరీక్ష దాటాక రెండో భాగం. అసలు యుద్ధ వైద్యం ఇక్కడ మొదలవుతుంది. దీన్ని నేను కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తల్లిదండ్రులు ఊహించేదానికీ దీనికీ చాలా దూరం.

గాయపడ్డవాడు పది గజాల దూరంలో పడి ఉన్నాడు, కాల్పులు ఇంకా జరుగుతున్నాయి. మెడిక్ ముందు చేయాల్సిందేమిటి? తిరిగి కాల్చడం. కాల్పులు ఆగనంతవరకు చేసే వైద్యం ఒక్కటే, చేతికో కాలికో టోర్నికే, అంటే రక్తం ఆపే పట్టీ, బిగించడం. మిగతావన్నీ చాటుకి చేరాకే. ఈ పద్ధతిని సైనిక డాక్టర్లు 1996లో రాసి ప్రచురించారు. అంతకుముందు మెడిక్‌లకి ఊళ్లో అంబులెన్స్ పద్ధతే నేర్పేవారు, దానివల్ల కాల్పుల మధ్య మోకాళ్ల మీద కూర్చుని మెడిక్‌లే చనిపోయేవారు.

చాటుకి చేరాక వరస ఇది: ముందు ధారగా పోయే రక్తం, తరువాత శ్వాసమార్గం, తరువాత ఊపిరితిత్తులు, తరువాత రక్తప్రసరణ, తరువాత ఒళ్లు చల్లబడకుండా చూడటం, తలకి దెబ్బ. ఆసుపత్రిలో నాకు నేర్పింది శ్వాసతో మొదలవుతుంది. వీళ్లకి రక్తంతో ఎందుకంటే దానికి లెక్కలున్నాయి. 2001 నుంచి 2011 దాకా ఇరాక్, అఫ్గానిస్థాన్ యుద్ధాల్లో చనిపోయిన 4,596 మంది అమెరికన్ సైనికుల మరణాల్ని పరిశీలించి 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. నూటికి 87 మంది ఆసుపత్రి చేరకముందే పోయారు. అలా పోయినవాళ్లలో దాదాపు నాలుగోవంతు మంది బతికే అవకాశం ఉన్నవాళ్లు. ఆ బతకగలిగినవాళ్లలో నూటికి 90 మందిని తీసుకుపోయింది రక్తస్రావమే. ఆ వరస అక్కడి పిల్లలకి కంఠతా వచ్చేదాకా, తరువాత చేతికి వచ్చేదాకా, చీకట్లో చేతులు తడుముకుంటూ కూడా తప్పకుండా వచ్చేదాకా చేయిస్తారు.

ఒక ఆదివారం మావాడు మా అమ్మాయి చేతికి టోర్నికే కట్టి చూపించాడు. అది "నొప్పి, నొప్పి" అని అరిచింది. వాడు ఆపకుండా ఇంకో తిప్పు తిప్పబోయి నా మొహం చూసి వదిలాడు. "నొప్పి పుట్టిందంటే అప్పుడే పట్టడం మొదలైందన్నమాట, అక్కడ ఆపేస్తే మనిషి పోతాడు" అన్నాడు. నిజమే. చాలామంది కొత్తవాళ్లు అవతలి మనిషి కేకకి భయపడి సరిగ్గా అక్కడే ఆపేస్తారు. ఆ కేకని దాటి బిగించగలగడం ఈ శిక్షణలో పెద్ద భాగం, దాన్ని ఏ పుస్తకమూ నేర్పదు.

వాళ్లు సెలైన్ సూదులు ఒకరికొకరు గుచ్చుకుని నేర్చుకుంటారు. ఛాతీలో చిక్కుకున్న గాలి తీయడానికి మూడంగుళాలకి పైన పొడవుండే సూది దింపడం, గొంతు కోసి గొట్టం పెట్టడం బొమ్మల మీద. బొమ్మలంటే దుకాణంలోవి కావు, వాటికి నాడి కొట్టుకుంటుంది, గాయంలోంచి పంపు పెట్టి రక్తం లాంటిది చిమ్ముతారు. ఆఖర్లో క్యాంప్ బుల్లిస్ అనే అడవి ప్రాంతంలో మైదాన శిక్షణ. టెక్సాస్ ఎండ, పొగ, పేలుళ్ల శబ్దం, స్ట్రెచర్ మోత. ఆ ఎండలోనే గాయపడ్డవాడికి దుప్పటి కప్పమంటారు. రక్తం పోయినవాడి ఒళ్లు ఎడారిలో కూడా చల్లబడుతుంది, చల్లబడితే రక్తం గడ్డకట్టదు, గడ్డకట్టకపోతే ఇంకా పోతుంది. ఇది నాకు పాఠంగా తెలిసిందే. చెమటలు కక్కుతూ ఆ దుప్పటి చుట్టినవాడు మాత్రం దాన్ని జన్మలో మర్చిపోడు.

అక్కడ ఒకసారి అభ్యాసంలో మావాడు గట్టిగా అరుస్తున్న క్షతగాత్రుడి దగ్గర ఎక్కువసేపు ఉండిపోయాడు. పక్కన చప్పుడు లేకుండా పడి ఉన్నవాడు ఈలోగా "చనిపోయాడు." శిక్షకుడు కేకలేయలేదట. "అరవగలిగేవాడికి ఊపిరి ఆడుతోందని నీకు తెలుసు కదా, మరి ఎందుకు ఉండిపోయావు?" అని మాత్రం అడిగాడట. ఆ ప్రశ్న వాణ్ణి చాలా రోజులు వదల్లేదు. నాకు తెలిసిన మంచి డాక్టర్లందరిలోనూ ఈ నేర్పు ఉంది. వాళ్లకి అది చాలా ఏళ్ల అనుభవం మీద వచ్చింది. ఇక్కడ పంతొమ్మిదేళ్ల పిల్లల్లో నాటడానికి ప్రయత్నిస్తున్నారు. ఈ ఒక్క విషయంలో ఆ శిక్షణ మీద నాకు గౌరవం చాలా ఎక్కువ.

ఆ తరువాత వచ్చే మామూలు రోజులు

ఇంత నేర్చుకుని యూనిట్‌కి వెళ్లాక చేసేదేమిటి? చాలా రోజులు కాళ్లు చూడటం. బొబ్బలు, బెణుకులు, గజ్జి, జలుబు, నడుం నొప్పి. పొద్దున్నే సిక్ కాల్‌కి, అంటే ఒంట్లో బాగాలేనివాళ్లని చూసే వేళకి, వచ్చినవాళ్లకి బీపీ చూసి, నొప్పి మాత్రలిచ్చి, అనుమానం ఉన్నవాళ్లని పైకి పంపడం. టీకాలు వేయడం. కాగితాలు నింపడం. వాహనాలు కడగడం. మావాడు యూనిట్‌లో చేరిన కొత్తలో ఫోన్ చేస్తే గొంతు నీరసంగా ఉండేది. గొంతు కోసి గొట్టం పెట్టడం నేర్చుకున్నవాడికి పాదాల పుండ్లు చూడటం అవమానంలా అనిపించింది. నాకైతే మంచి వైద్యం ఎక్కువభాగం ఇలాగే ఉంటుందనిపిస్తుంది. పాదం పుండుని సరిగ్గా చూసిన మెడిక్‌నే ప్లటూన్, అంటే తన సైనిక దళం, "డాక్" అని పిలుస్తుంది, నమ్ముతుంది. కానీ ట్రైనింగ్‌లో ఈ భాగం మీద పెట్టే శ్రద్ధ పేలుళ్ల భాగం మీద పెట్టేదానికంటే తక్కువ, ఆర్మీ ప్రచార వీడియోల్లో అసలే కనిపించదు. ఆ తేడాకి సిద్ధపడి వెళ్లినవాళ్లు తొందరగా కుదురుకుంటారు.

బయటికొచ్చాక ఇంకో దెబ్బ. అక్కడ ఎన్ని నేర్చుకున్నా చేతిలో ఉండే పౌర సర్టిఫికెట్ ఈఎంటీ ఒక్కటే, దాన్నీ రెండేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. నాతో పనిచేసే మాజీ మెడిక్ ఒకతను అఫ్గానిస్థాన్‌లో రాత్రిపూట ఛాతీలో సూది దింపి మనిషిని నిలబెట్టినవాడు. మా దగ్గర టెక్నీషియన్‌గా చేరినప్పుడు సెలైన్‌లో మందు ఎక్కించడానికి కూడా అతనికి అనుమతి లేదు. జీతం కూడా ఆ స్థాయిదే. అతను నర్సింగ్ మొదటినుంచీ చదువుతున్నాడు. కొన్ని కాలేజీలు మెడిక్ శిక్షణకి క్రెడిట్లు ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. ఆస్పత్రి పనే ఇష్టమైతే ఆర్మీలోనే ప్రాక్టికల్ నర్సు కోర్సు ఇంకొకటి ఉంది, 68సీ. దాదాపు ఏడాది పడుతుంది, బయట లైసెన్సు దొరుకుతుంది. మెడిక్ అంటే అందరికీ తెలుసు, దీని పేరు ఎత్తేవాళ్లు తక్కువ.

నాకున్న అనుమానాలు

ఇంత చెప్పాక కూడా నన్ను వెనక్కి లాగే వాదనలు ఉన్నాయి.

మావాడి వాదన ఇది: "కాలేజీలో నాలుగేళ్లు, మెడికల్ స్కూల్లో ఒకట్రెండేళ్లు అయ్యాక గానీ రోగుల మధ్య సరిగ్గా పనిచేయను. ఈ పని నాకు నచ్చుతుందో లేదో అప్పుడు తెలిసి ఏం లాభం?" దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. మన ఇళ్లల్లో పిల్లలు డాక్టర్ అవ్వాలన్న నిర్ణయం చాలాసార్లు రోగి మొహం చూడకుండానే జరిగిపోతుంది. వీడు రోగిని చూశాడు, పుండు కడిగాడు, తరువాత నిర్ణయించుకుంటానంటున్నాడు. ప్రస్తుతం ఫిజీషియన్ అసిస్టెంట్ చదువు కోసం రాత్రిళ్లు ఆన్‌లైన్‌లో క్రెడిట్లు పూర్తి చేసుకుంటున్నాడు. మా అక్క మాత్రం ఇప్పటికీ ఎంక్యాట్ ఎప్పుడు రాస్తావని అడుగుతూనే ఉంది.

రెండోది నన్ను ఎక్కువ కలతపెట్టేది. ఈ వైద్యుడి చేతిలో తుపాకీ ఉంటుంది. జెనీవా ఒప్పందాల ప్రకారం మెడిక్‌కి రక్షణ ఉంది, ఆయుధం తనని, తన రోగుల్ని కాపాడుకోవడానికే. గాయపడ్డ శత్రువుని కూడా గాయం తీవ్రతని బట్టి వరసలో చూడాల్సిందే. ఈ రెండు బాధ్యతలూ ఒకే పిల్లాడి మీద పెట్టడం న్యాయమేనా అని నేను అనుకుంటూ ఉంటాను. గాయపడ్డవాళ్లు వాడికి స్నేహితులే అవుతారు, పక్క మంచంలో పడుకున్నవాళ్లే అవుతారు. నేను పని అయ్యాక ఇంటికి వస్తాను, నా రోగి నాకు తెలియని మనిషి. వాళ్లకి ఆ ఎడం ఉండదు. ఆ బరువు గురించి చేరేముందు ఎవరూ మాట్లాడరు. తల్లిదండ్రులైనా మాట్లాడాలి.

మూడోది, ఈ శిక్షణ తీరే మారుతోంది. 2009లో అప్పటి రక్షణమంత్రి రాబర్ట్ గేట్స్ గాయపడ్డవాళ్లని గంటలోపు శస్త్రచికిత్సకి చేర్చాలని ఆదేశించారు. హెలికాప్టర్లు స్వేచ్ఛగా తిరిగిన యుద్ధాల్లో అది సాధ్యమైంది. ఉక్రెయిన్‌లో డ్రోన్ల వల్ల గాయపడ్డవాణ్ణి తరలించడానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతోంది. టోర్నికే అంతసేపు ఉంచితే ఆ చెయ్యో కాలో పోవచ్చు. అందుకని ఇప్పుడు మెడిక్‌లు గంటల తరబడి ఒక్కరే రోగిని చూసుకోవడం, టోర్నికేని అదను చూసి కట్టుగా మార్చడం కూడా నేర్చుకోవాల్సి వస్తోంది. అంటే రేపు చేరే పిల్లాడి మీద మావాడి మీద పడినదానికంటే ఎక్కువ పడుతుంది. నర్సుగా నేను చేసే పని, మందులు, మూత్రం కొలత, మంచాన పడ్డవాణ్ణి పక్కకి తిప్పడం, వాళ్ల పనిలోకి వస్తోంది. 16 వారాల్లో ఇదంతా ఎలా ఇముడుతుందో నాకు అంతుబట్టడం లేదు.

వెళ్లాలనే నిర్ణయించుకుంటే

ముందు కమ్యూనిటీ కాలేజీలో ఈఎంటీ కోర్సు ఒక సెమిస్టర్ చదివించండి. ఆ పుస్తకం, అంబులెన్స్‌లో ఒక రాత్రి షిఫ్టు, ఈ రెండూ చూశాక కూడా పిల్లాడు ఉత్సాహంగా ఉంటే మాట్లాడండి. ఆస్వాబ్‌కి సీరియస్‌గా చదివించండి. 68డబ్ల్యూ అనేది ఒప్పందం కాగితం మీద రాసి ఉందో లేదో సంతకానికి ముందు మీ కళ్లతో చూడండి. కాగితం మీద లేనిది ఎవరూ ఇవ్వరు. శాకాహారులైతే బేస్ మెస్‌లో ఎలాగో గడిచిపోతుంది. మైదానంలో ఇచ్చే భోజనం ప్యాకెట్లు 24 రకాల్లో నాలుగే శాకాహారం, అవి అందరికంటే ముందు అడిగి తీసుకోవాలి. ఇప్పటినుంచే పరిగెత్తాలి, వీపున బరువుతో నడవాలి, కొత్త బూట్లతో మాత్రం కాదు.

బేసిక్‌లో ఫోన్ దాదాపు ఉండదు. మొదటి ఉత్తరం వచ్చేసరికి మీకు ప్రాణాలు పోయినంత పనవుతుంది, అది మామూలే. ఆ చిరునామా రాగానే ఉత్తరాలు రాయండి, తరచుగా రాయండి. తెలుగు చదవడం రాని పిల్లలకి తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసినా సరే. కవరు మీద కంపెనీ, ప్లటూన్ నంబర్లు వాళ్లు పంపినట్టే తప్పు లేకుండా రాయాలి. తినేవి ఏవీ పెట్టకండి, అందరి ముందూ తీసేసుకుంటారు.